పంపవచ్చు — పంపవద్దు

నా వృత్తి యేమని యెవరైన నడిగినచో ప్రత్యుత్తరము చెప్పుట నాకెప్పుడును కొంత కష్టముగనే యుండును. రైలుశాఖలో నుద్యోగమా యందురు, కాదందును. తీగలును టవరులును అమ్ము కంపెనీయా యందురు, అదియును గాదందును. రైలుమార్గములందు రేడియో మూలమున మాటలు నడచుట కేర్పాట్లెట్లుండవలెనో, చేసిన యేర్పాట్లు సరిగ నున్నవో లేవో పరిశీలించి సలహా చెప్పుట నా పని. “అనగా పెండ్లిండ్ల మధ్యవర్తి వంటివాడ వన్నమాట. కాపురము నీవు చేయవు, కట్నము నీకు రాదు, తగవు వచ్చినచో మాత్రము మొదట నిన్నే పిలుతురు” అని మా మేనమామ పరిహాసమాడుచుండును. ఆ మాటలో నబద్ధ మంతగా లేదు. ఈ పత్రికకు పూర్వవిద్యార్థుల వ్రాతలు కావలెనని సంపాదకులు కోరినందున, నాకు దెలిసిన యీ పనినిగూర్చియే కొంత వ్రాయుచున్నాను.

మనము రైలెక్కినపుడు ఇంజను కూతయు చక్రముల రొదయు మాత్రమే విందుము. ఆ రొద మాటున మరియొక సంభాషణ యెడతెగక సాగుచుండును. ఒక స్టేషను మాస్టరు బండి పంపవచ్చునా యని పొరుగు స్టేషను మాస్టరు నడుగును. అతడంగీకరించినగాని బండి కదలదు. బహుదూరము వరకును గల స్టేషనులన్నియు నొక్క కంట్రోలు గదితో గలుపబడి యుండును. అచ్చట కూర్చున్న కంట్రోలరు ఏ బండిని ఏ స్టేషనులో నిలిపి దేనికి దారి యీయవలెనో నిర్ణయించుచు, మునుపు గీతల కాగితముపైనను ఇప్పుడు కంప్యూటరు తెరపైనను బండ్ల నడకను కనిపెట్టుచుండును. పట్టాల ప్రక్కన పాతిన కేబులునకు సుమారు కిలోమీటరున కొకటి చొప్పున సాకెట్లు కలవు. నడిదారిలో బండి నిలిచినచో, గార్డు తన ఫోనును వానికి తగిల్చి కంట్రోలుతో మాటలాడవచ్చును. (గార్డను పేరు 2022లో ట్రెయిన్ మేనేజరుగా మారినది. పాతవారి నోట మాత్రము గార్డే.) పూర్వ మీ తీగలు స్తంభములపై నుండెడివి. 25,000 వోల్టుల విద్యుత్తుతో బండ్లు నడువ మొదలిడిన పిదప, ఆ విద్యుత్తు ప్రేరణచే ఫోను తీగలలో రొదయేగాక ప్రాణాపాయకరమగు వోల్టేజికూడ పుట్టుచుండుటచే, వానిని భూమిలోనికి దింపవలసివచ్చెను.

ఈ యేర్పాట్లన్నిటిలో సలహాదారు చూడవలసిన దేమి? మాట చేరుచున్నదో లేదో కొలిచిన చాలునని పలువురి తలంపు. మాట చేరుట సగము పని. చెప్పినవాని మనస్సులో నున్న యర్థమే విన్నవాని మనస్సునకును ఎక్కుట తక్కిన సగము. ఈ రెండవ సగమును కొలుచుటకు మీటరు లేదు. కావున దానిని తరచుగ విడిచిపెట్టుదురు. అట్లు విడిచిపెట్టిన ఫలమేమో రైలుమార్గముల చరిత్రలో బహుకాలము క్రిందటనే వ్రాయబడి యున్నది.

ఇంగ్లండులో లండను, బ్రైటను పట్టణముల నడుమ క్లేటను సొరంగ మొకటి కలదు. పొడవు ఒకటింబావు మైలు. దాని రెండు కొనలయందును ఇద్దరు సిగ్నలుమనుష్యులు టెలిగ్రాఫు పెట్టెలతో కావలియుండిరి. దక్షిణపు కొనయందున్నవాడు హెన్రీ కిల్లిక్, ఉత్తరపు కొనయందున్నవాడు బ్రౌన్. 1861వ సంవత్సరము ఆగష్టు 25వ తేది ఆదివారము. కిల్లిక్ వారమున కొక్కదినము పూర్తి సెలవు దొరకునను నాశతో నాడు ఇరువదినాలుగు గంటల పని నెత్తికెత్తుకొనియుండెను. బ్రైటనునుండి మూడు బండ్లు ఒకదానివెనుక నొకటి బయలుదేరినవి. మొదటి బండి సొరంగములోనికి పోయెను గాని, దాని వెనుక తనంతట తాను ఎరుపునకు మరలవలసిన సిగ్నలు మరలలేదు. రెండవ బండి వచ్చిపడెను. కిల్లిక్ ఎర్రజెండా పట్టుకొని పరుగెత్తి వీచెను. బండి లోనికి పోయెను. డ్రైవరు జెండాను చూచెనో లేదో యతనికి తెలియదు. అతడు పెట్టెయొద్దకు పోయి సొరంగము ఖాళీ యైనదా యని బ్రౌనును టెలిగ్రాఫులో నడిగెను. సరిగ నా నిమిషముననే మొదటి బండి ఉత్తరపు కొనను వెలికి వచ్చెను. బ్రౌన్ దానిని చూచి ఖాళీ యైనదని బదులిచ్చెను. కిల్లిక్ ఆ మాట రెండవ బండిని గూర్చిన దనుకొని, మూడవ బండికి తెల్లజెండా చూపెను. రెండవ బండి డ్రైవరో, ఎర్రజెండాను చూచియే యుండెను. చీకటిలో బండి నాపి, సంగతి దెలిసికొనుటకై వెనుకకు నడుపుకొని వచ్చుచుండెను. ఆ చీకటిలో నిరువదిముగ్గురు మరణించిరి. నూటికి మించినవారు గాయపడిరి.

ఇందు యంత్రములలో చెడిన దొక్క సిగ్నలే, టెలిగ్రాఫు చెడలేదు. తీగ తెగలేదు, సూది తప్పు చూపలేదు. బ్రౌన్ చెప్పినది నిజమే. కిల్లిక్ దానిని అక్షరము పోకుండ గ్రహించెను. ఏ బండి యను నొక్కమాట ఆ ప్రశ్నలో లేదు, బదులులోను లేదు. ఈ కథ చదివినప్పుడెల్ల నాకు ఆ ఇరువదినాలుగు గంటలు జ్ఞప్తికి వచ్చును. అలసిన మనస్సు తాను కోరిన యర్థమునే వినును గదా!

పదుమూడేండ్లు గడచిన పిదప, 1874 సెప్టెంబరు 10వ తేది రాత్రి, అదే దేశమున నార్విచ్ సమీపమందలి థోర్ప్‌లో మరియొక రీతి ప్రమాదము జరిగెను. అది ఒంటిపట్టా మార్గము. ఎదుటి స్టేషనునుండి మెయిలును పంపుమను టెలిగ్రాఫు వార్త, అధికారి సంతకము లేకుండగనే పోయెను. ఇటు ఎక్స్‌ప్రెస్సును విడిచిన తరువాత వార్తను రద్దుచేయ బోగా, మెయిలు బయలుదేరినదని జవాబు వచ్చెను. అప్పటి కా రెండు బండ్లలో దేనికిని మాట చేర్చు సాధన మీ లోకమున లేదు. ఇరువదియైదుగురు ప్రాణములు విడిచిరి. ఈ దుర్ఘటన తరువాతనే ఎడ్వర్డ్ టైయర్ యను నాతడు టాబ్లెట్టు యంత్రమును కల్పించెను. రెండు స్టేషనులలోని యంత్రములును విద్యుత్తుచే ముడివడి యుండును. ఒక్క బిళ్ల వెలుపల నున్నంతవరకు రెండవ బిళ్ల ఏ కొననుండియు రాదు. బిళ్ల చేత లేనిదే డ్రైవరు కదలరాదు. మన దేశమున నీల్స్ యంత్రమునుండి వెలికివచ్చు ఉక్కుబంతి ఆ తరగతిలోనిదే. బెత్తపు వలయమునకు తగిలించిన సంచిలో నా బంతి నుంచి, సాగుచున్న ఇంజనులోని మనిషి చేతి కందిచ్చుట పెద్దలలో పలువురు చూచియే యుందురు. పెదవులతో చెప్పిన మాట నమ్మరానిదైనందున, మాటను చేతితో పట్టుకొను వస్తువుగా మార్చిరన్నమాట. ఇంతకన్న బుద్ధిమంతమైన సలహాను నేనింతవరకు వినలేదు.

అయిన నా బంతి స్టేషనులో చేతికి వచ్చునే గాని, నడిదారిలో ఆపద వచ్చినప్పుడు పలుకదు. 1998 నవంబరు 26వ తేది పంజాబులోని ఖన్నాయొద్ద ఒక బండి పెట్టెలు పట్టా తప్పి ప్రక్క మార్గముపై పడగా, కొలది నిమిషములలో నెదుటినుండి వచ్చిన రెండవ బండి వానిని డీకొనెను. రెండువందలకు మించి మరణించిరి. ఇట్టి నిమిషములలో ఉపయోగింపవలసినవి మనకు చిరకాలమునుండి ముఖ్యముగ మూడు: ఇంజను తలపై మినుకుమినుకుమను పసుపు దీపము, చేతి దీపము, పట్టాపై పెట్టగా చక్రము క్రింద ప్రేలు బిళ్లలు. బ్రాడ్‌గేజి మార్గమున ఆటంకమునకు 600 మీటర్ల దూరమున నొక బిళ్ల, 1200 మీటర్ల దూరమున మూడు బిళ్లలు పెట్టవలెనని నియమము. కంకరపై చీకటిలో 1200 మీటర్లు పోవుటకు కాలిబలము గలవానికైనను పది నిమిషములు పట్టును. గంటకు 60 కిలోమీటర్లు పోవు బండి యా దూరమును ఒక నిమిషము పండ్రెండు సెకండ్లలో గడచును. రైలుమార్గమునకు రేడియో యేల కావలెనని యడుగువారికి ఈ రెండు సంఖ్యలు చాలును.

ఇప్పుడు మన లోకో పైలటులయొద్దను గార్డులయొద్దను 5 వాట్ల వాకీటాకీలును, స్టేషనులలో 25 వాట్ల సెట్లును కలవు. యూరోపు రైళ్లవారు సెల్‌ఫోను పద్ధతినే రైళ్లకై మార్చి జి.ఎస్.ఎం.-ఆర్ అను నేర్పాటు గావించిరి. అందొక విశేషము కలదు. కంట్రోలరు మనిషి నంబరు వెదకనక్కరలేదు, బండి సంఖ్యకే ఫోను చేయును. ఆ బండిని నాడు నడుపువా డెవడో వానికి మ్రోగును. డ్రైవరు 299 సంకేతమును పిలిచినచో, ఆ ప్రాంతమందలి బండ్లన్నిటికిని కంట్రోలునకును కొన్ని సెకండ్లలో నొక్కసారిగ వినవచ్చును. మన దేశమున 2021 జూనులో కేంద్రమంత్రివర్గము రైళ్లకు 700 మెగాహెర్ట్జ్ పట్టీలో 5 మెగాహెర్ట్జ్ కేటాయించి, ఎల్.టి.ఇ. యను కొత్తపద్ధతికి దారి తెరచెను.

మనిషి మాటకే గాక యంత్రము మాటకును రేడియో పనికివచ్చుచున్నది. “కవచ్” అను పేరు చదువరులు వినియేయుందురు. పట్టాల నడుమ స్లీపరులపై బిగించిన బిళ్లలను చదివి ఇంజను తానున్న చోటు తెలిసికొని, స్టేషనుతో రేడియోలో మాటలాడుచు, ఎర్ర సిగ్నలును దాటబోయినచో తానే బ్రేకు వేయును. దీనిని పుట్టిననాటినుండి పెంచిన గడ్డ మన తెలుగుదేశమని చెప్పుకొనుట కొంత గర్వమే. 2016 ఫిబ్రవరిలో ప్రయాణికుల బండ్లపై పరీక్షలు దక్షిణమధ్య రైల్వేలో మొదలైనవి. తయారుచేయువారిలో హైదరాబాదు కంపెనీలు కలవు. 1957లో సికిందరాబాదు తార్నాకలో స్థాపింపబడిన సిగ్నలు విద్యాలయ మీ శాఖవారికి కన్నతల్లి వంటిది. 2022 మార్చి 4వ తేది గుల్లగూడ, చిట్గిద్ద స్టేషనుల నడుమ రెండు ఇంజనులను ఎదురెదురుగ నడిపింపగా, కవచ్ ఇంజను రెండవదానికి 380 మీటర్ల దూరముననే తానై నిలిచిపోయెను.

ఇట్టి యంత్రముల సంభాషణను పరీక్షించుటకు యూరోపువారి ప్రమాణగ్రంథ మొకటి కలదు. దాని సంఖ్య 50159. వార్తకు గలుగు ఆపదలు ఏడని అది చెప్పుచున్నది: మరల వచ్చుట, పోవుట, లేనిది చేరుట, వరుస తప్పుట, చెడుట, ఆలస్యమగుట, ఒకరి పేర మరియొకరు పలుకుట. అందుచేతనే యంత్రము తన ప్రతివార్తకును కాలమును, వరుససంఖ్యను, సరిచూచు గుర్తును జతపరచును. పాతబడిన వార్త నెదుటి యంత్రము నమ్మదు. నేను మొదటిసారి యీ యేడింటిని చదివినప్పుడు నాకు తోచినది క్లేటనును థోర్ప్‌ను. అధికారము లేని వార్త చేరుట, ఒకదానికి చెప్పిన బదులు మరియొకదానికి తగులుట: మనుష్యులు ప్రాణములిచ్చి నేర్చినదానిని యంత్రములకు మనము శ్రద్ధగ నేర్పితిమి. మనుష్యులకు తిరిగి నేర్పుటలోనే మన శ్రద్ధ కొంత సన్నగిల్లినది. ఈ విషయమునకు సంబంధించి నా యనుభవములో జరిగినదానిని చెప్పెదను. చోటు పేరును, ఆఫీసు పేరును చెప్పను.

ఒకానొక కొండమార్గము. పట్టాలు వంకరలు తిరుగుచు సొరంగములలో దూరి పోవును. వానకాలమున రాళ్లు జారిపడును గనుక, రాత్రులందు పహరావారు లాంతరులతో పట్టాల వెంబడి నడచుచుందురు. వారికిని వాకీటాకీ లిచ్చి, గుట్టలపై టవరులు నిలిపిరి. మాట మార్గమంతట చేరుచున్నదని ధ్రువపరచుట నాకు ఒప్పగింపబడిన పని. మీటరు పెట్టిన పెట్టెలో కూర్చుండి ఆమార్గమున నాలుగుమారులు తిరిగితిని. కాగితముమీది లెక్క బాగుగనే యున్నది. ఒప్పందములో నూటికి తొంబదియైదు పాళ్లు చాలునని యుండగా, అంతకు మించియే వచ్చెను. కాని చేరని కొద్దిపాటి భాగమంతయు నొక్కచోటనే కుప్పపడి యుండెను: రెండు సొరంగముల నడుమనున్న వంపులో. రాళ్లు పడునదియు నచ్చటనే.

సొరంగముల స్వభావము వింతయైనది. సుమారు 160 మెగాహెర్ట్జ్ నందు పనిచేయు వాకీటాకీ తరంగము రెండుమీటర్ల కొంచెము తక్కువ పొడవు గలది; బయట కొండ మలుపును కొంతవరకు వంగి దాటగలదు. సెల్‌ఫోనువంటి పొట్టి తరంగమున కా వంగుట తక్కువ. సొరంగములో దూరిన పిదప కథ తలక్రిందగును. పొట్టి తరంగము గోడల నడుమ దొర్లుకొనుచు దూరము పోవును. పొడుగు తరంగము త్వరగా చచ్చును. దీనికి మందు, పైతొడుగునకు పొడుగునను చీలికలు పెట్టిన కేబులును గోడవెంట వ్రేలాడదీయుట. తోటకు నీరు పెట్టు చిల్లుల గొట్టమువలె అది యడుగడుగునను రేడియోను కారుచుండును. మందు తెలిసినదే, ఖరీదు హెచ్చు.

మరునాడు పెట్టె దిగి, ఆ వంపులో కాలినడకను పోయితిని. పహరావాడొకడు తోడువచ్చెను, ఏబదియేండ్లు దాటినవాడు. మాట వినబడునా యని యడిగితిని. “వినబడుద్దయ్యా, తోక తెగి వినబడుద్ది” అనెను. “పోయిన వానల్లో రాయి పడ్డ రాత్రి ‘బండి పంపవద్దు’ అని అరిచానయ్యా. అవతల మాస్టరుగారు ‘పంపవచ్చునా?’ అని అడిగారు. మళ్లీ అరిచాను. ‘పంపవ’ వరకే పోతంది. చ్చు అన్నానో ద్దు అన్నానో ఆయనకి తెలవదు. ఆయన దేవుడులాంటోడు, తేలేదాకా బండిని కదలనియ్యలా.”

నేనచ్చటనే కంకరపై కూర్చుండిపోయితిని. తెలుగున ననుమతికిని నిషేధమునకును భేదము చివరి యక్షరము. పంపవచ్చు, పంపవద్దు, రావచ్చు, రావద్దు, దాటవచ్చు, దాటవద్దు. మాట తోక తెగినచో మిగిలిన మొండెము రెంటికిని నొక్కటే. రైలుశాఖలో ముఖ్యమైన మాటలకు ప్రైవేటు నంబరు ఇచ్చిపుచ్చుకొను మంచి నియమము కలదు. స్టేషను మాస్టరు, గేటువాడు సంఖ్య చెప్పి, సంఖ్య వ్రాసికొనిన పిదపనే మాట చెల్లును. కొండలో నొంటరిగ తడియుచున్న పహరావాని యరపునకు అట్టి సంఖ్య యచ్చట లేదు. “మరి ఇప్పుడేమి చేయుచున్నావు?” అంటిని. “మేమూ మాస్టరుగారూ ఒక మాట అనుకున్నామయ్యా. బాగుంటే ‘పంపు’. బాగులేకపోతే ‘నిలుపు, నిలుపు, నిలుపు’. మూడుసార్లు. ఏ ముక్క చెవిన పడ్డా తెలిసిపోద్ది.”

నా నివేదికలో రెండు సంగతులు వ్రాసితిని: సొరంగములలో కేబులు వేయవలెననియు, ఆ మార్గమంతటను పహరావాడును అతని స్టేషను మాస్టరును ఏర్పరచుకొనిన మాటలనే నియమముగ చేయవలెననియు. పనిని నాకొప్పగించిన యాఫీసువారి కిది రుచింపలేదు. సరాసరి లెక్క సరిపోయినది గదా, సంతకముచేసి యిండని యడిగిరి. యూరోపు జి.ఎస్.ఎం.-ఆర్ ప్రమాణమున నూటికి తొంబదియైదను లెక్కను మార్గమంతటికి గాక ప్రతి నూరు మీటర్ల తునుకకును వేరువేరుగ చూడుమని వ్రాసియున్నది; అట్లేల వ్రాసిరో ఆ వంపులో నిలుచున్నవానికి తెలియునని చెప్పితిని. అది సెల్‌ఫోను పద్ధతికి గదా, మన వాకీటాకీలకు గాదనిరి. నిజమే, ఒప్పందములో నా మాట లేదు. “మాటల సంగతి భాషాపండితులది, మీది కాదు” అని యొకరు నవ్విరి. నేను సంతకము చేయలేదు. నాకు రావలసిన రుసుములో కడపటి భాగము నేటివరకు రాలేదు. మా యింట కొన్నినెలలు కూరలో నూనె తగ్గినదని మా మేనమామ ఇప్పటికిని ఎత్తిపొడుచుచుండును.

నివేదిక యొక యేడు బీరువాలో నుండెను. తరువాత వేరొక యధికారి వచ్చి దానిని వెలికితీసి చదివి, రెండు సొరంగములలోను కేబులు వేయించెను. నేను మరల పోయి కొలిచితిని. వంపులో మాట ఇప్పుడు తోకతో గూడ చేరుచున్నది. రెండవ సలహా నియమగ్రంథములోని కింకను ఎక్కలేదు. ఆ వంపునకు రెండు ప్రక్కలనున్న స్టేషనులలో మాత్రము రేడియో సెట్టుపై చిన్న కాగిత మంటించి యున్నది. “పంపు” అని యొకప్రక్క నల్లసిరాతోను, “నిలుపు” అని రెండవప్రక్క ఎర్రసిరాతోను ఎవరో గుండ్రని చేవ్రాలున వ్రాసిరి. ఆ పహరావాడు పదవీవిరమణ చేసెనని విన్నాను. రాబోవు వానకాలమునకు ముందుగ నా కాగితమును చూపి, ఆ మార్గమందలి తక్కిన స్టేషను మాస్టరులతో మాటలాడవలెనని నన్ను పిలిచియున్నారు. ఈసారి ఒప్పందములో ఆ పనినికూడ వ్రాయించితిని.